లెక్కల పోటీలు: మన పిల్లలకు ఏవి, ఎప్పుడు, ఎందుకు?

సెప్టెంబరు వచ్చిందంటే మన తెలుగు వాట్సాప్ గ్రూపుల్లో రెండు రకాల ప్రశ్నలు మొదలవుతాయి. ఒకటి, ఈసారి బతుకమ్మ ఎక్కడ, దసరా ప్రోగ్రామ్ టికెట్లు ఎంత అని. రెండోది, "ఏఎంసీ అంటే ఏమిటండీ? మా బాబు స్కూల్లో లేదట, ఎక్కడ రాయించాలి?" అని. మొదటిదానికి పది నిమిషాల్లో పాతిక జవాబులు వస్తాయి. రెండోదానికి ఒకరు కోచింగ్ సెంటర్ లింకు పెడతారు, ఇంకొకరు తమ అమ్మాయి స్కోరు చెబుతారు. అడిగినవాళ్ల ప్రశ్న మాత్రం అలాగే ఉండిపోతుంది. వాళ్లు మళ్లీ అడిగేసరికి రిజిస్ట్రేషన్ గడువు దాటిపోతుంది.

నేను న్యూజెర్సీలో ఉంటాను. ఉద్యోగం సాఫ్ట్‌వేర్. ఏడేళ్లుగా శనివారం పొద్దున మా ఊరి లైబ్రరీలో మిడిల్ స్కూల్ పిల్లలకు లెక్కల క్లబ్ నడుపుతున్నాను. ఫీజు లేదు, పెద్ద ఏర్పాట్లూ లేవు. ఒక వైట్‌బోర్డు, పది పదిహేను మంది పిల్లలు, రెండు గంటలు, అంతే. ఈ ఏడేళ్లలో తల్లిదండ్రులు నన్ను అడిగిన ప్రశ్నలన్నింటికీ ఒకేచోట జవాబు రాద్దామని ఈ వ్యాసం. ఇది ప్రధానంగా అమెరికాలో ఉన్నవారికి. ఇతర దేశాల వారికి పనికొచ్చే సంగతులు చివర్లో చెబుతాను.

ఇది ఎంసెట్ కాదు

మనలో చాలామంది ఎంసెట్ రాసి ఇంజనీరింగ్‌లో చేరినవాళ్లం. మన బుర్రలో పోటీ పరీక్ష అంటే ఒక సీటు, ఒక ర్యాంకు. సీటు వస్తే పాస్, రాకపోతే ఫెయిల్. అమెరికా లెక్కల పోటీలను కూడా మనం ఆ కళ్లతోనే చూస్తాం. ఇక్కడే మొదటి చిక్కు వస్తుంది. ఈ పోటీల చివర సీటు లేదు. రాయకపోతే పోయేది లేదు, రాసి తక్కువ తెచ్చుకున్నా పోయేది లేదు. సిలబస్ పూర్తి చేసి, ఫార్ములాలు బట్టీ పట్టి, వేగం పెంచుకుంటే ఎంసెట్‌లో నెట్టుకురావచ్చు. ఇక్కడ అది కొంతదూరమే పనిచేస్తుంది.

తేడా తెలియాలంటే ఒక లెక్క చూడండి. మూడంకెల సంఖ్యల్లో కనీసం ఒక 7 ఉన్నవి ఎన్ని?

దీనికి ఆరో తరగతి లెక్కలు చాలు. అయినా మా క్లబ్‌లో బాగా చదివే పిల్లలే దీని దగ్గర తడబడతారు. వందల స్థానంలో 7 ఉన్నవి, పదుల స్థానంలో 7 ఉన్నవి, ఒకట్ల స్థానంలో 7 ఉన్నవి అని విడివిడిగా లెక్కపెట్టి కూడుతారు. అప్పుడు 177 రెండుసార్లు, 777 మూడుసార్లు లెక్కలోకి వచ్చేస్తాయి. కాసేపు తంటాలు పడ్డాక ఎవరో ఒకరు అడుగుతారు, "అంకుల్, 7 లేనివి లెక్కపెట్టి తీసేస్తే?" అని. అదే కీలకం. మూడంకెల సంఖ్యలు మొత్తం 900. అసలు 7 లేనివి కావాలంటే వందల స్థానానికి 8 అంకెలు, పదులకు 9, ఒకట్లకు 9. ఎనిమిది తొమ్మిదుల తొమ్మిదులు 648. 900 లోంచి 648 తీసేస్తే 252. అయిపోయింది.

ఇందులో ఫార్ములా లేదు. ఎదురుగా వెళ్లే దారి బాగాలేనప్పుడు వెనక్కి తిరిగి ఇంకో దారి వెతకడం ఒక్కటే ఉంది. స్కూలు హోంవర్కులో పిల్లవాడికి ఏ పద్ధతి వాడాలో ముందే తెలుసు, ఎందుకంటే ఆ పేజీ పైన పాఠం పేరు రాసి ఉంటుంది. పోటీ పేపరులో పైన పాఠం పేరు ఉండదు. అంతే తేడా. కానీ ఆ తేడా చాలా పెద్దది.

చిన్న తరగతుల్లో

ఒకటో తరగతి నుంచే రాయగలిగిన పోటీ మ్యాథ్ కాంగరూ. ఆస్ట్రేలియాలో జరిగే పోటీని చూసి 1991లో ఫ్రాన్స్‌లో మొదలుపెట్టారు. అందుకే ఆ పేరు. అమెరికాకు 1998లో వచ్చింది. ఏటా మార్చిలో జరుగుతుంది. 75 నిమిషాలు. నాలుగో తరగతి వరకు 24 ప్రశ్నలు, ఐదు నుంచి పన్నెండు వరకు 30. బొమ్మలతో, చిన్న చిన్న చిక్కుముడులతో సరదాగా ఉంటుంది. దీనికి స్కూలుతో పని లేదు, తల్లిదండ్రులే ఆన్‌లైన్‌లో రిజిస్టర్ చేసి దగ్గర్లోని సెంటర్ ఎంచుకోవచ్చు. మొదటిసారి రాసే పిల్లలకు నేను ఎప్పుడూ చెప్పేది ఇదే.

స్కూల్లో టీచరు ముందుకొస్తే మోయెమ్స్ అనే పోటీ కూడా మంచిది. జార్జి లెంచ్‌నర్ అనే ఆయన 1970లలో మొదలుపెట్టిన ఈ పోటీలో నెలకొకటి చొప్పున ఐదు పరీక్షలు, ఒక్కో పరీక్షలో ఐదే ప్రశ్నలు. ఒక రోజు బాగా రాయకపోతే వచ్చే నెల ఇంకోటి ఉంటుంది కాబట్టి భయం ఉండదు.

మనవాళ్లకు బాగా తెలిసిన ఇంకో వేదిక నార్త్ సౌత్ ఫౌండేషన్. రత్నం చిట్టూరి గారు 1989లో స్థాపించిన ఈ సంస్థ స్పెల్లింగ్ బీతో పాటు మ్యాథ్ బీ కూడా నిర్వహిస్తుంది. అక్కడ వచ్చే డబ్బు ఇండియాలో పేద విద్యార్థుల స్కాలర్‌షిప్పులకు వెళుతుంది. పిల్లలకు పోటీతో పాటు ఆ సంగతి కూడా చెప్పండి.

మిడిల్ స్కూల్లో

ఆరు, ఏడు, ఎనిమిది తరగతుల పిల్లలకు రెండు ముఖ్యమైన పోటీలు ఉన్నాయి.

మొదటిది మ్యాథ్‌కౌంట్స్. 1983లో పుట్టింది. స్కూలు తర్వాత చాప్టర్, ఆ తర్వాత స్టేట్, చివర నేషనల్స్. చాప్టర్ పోటీలు సాధారణంగా ఫిబ్రవరిలో, స్టేట్ మార్చిలో, నేషనల్స్ మేలో. ఇందులో స్ప్రింట్ రౌండ్ 40 నిమిషాల్లో 30 ప్రశ్నలు, క్యాలిక్యులేటర్ ఉండదు. టార్గెట్ రౌండ్‌లో రెండేసి ప్రశ్నల చొప్పున ఎనిమిది, ప్రతి జతకు ఆరు నిమిషాలు, క్యాలిక్యులేటర్ వాడొచ్చు. టీమ్ రౌండ్‌లో నలుగురు కలిసి 20 నిమిషాల్లో 10 ప్రశ్నలు చేయాలి. చివర కౌంట్‌డౌన్ రౌండ్, ఇద్దరు పిల్లలు ఎదురెదురుగా నిలబడి బజర్ నొక్కడం. ప్రతి రాష్ట్రం నుంచి నలుగురు నేషనల్స్‌కు వెళతారు. రాష్ట్రాలు, ఇతర అమెరికా ప్రాంతాలు కలిపి 56 జట్లు, అంటే 224 మంది.

దీంట్లో నాకు నచ్చేది టీమ్ రౌండ్. ఇంట్లో ఒంటరిగా కూర్చుని అన్నీ చేసేసే పిల్లవాడు అక్కడ పక్కవాడి మాట వినాలి. "నువ్వు చేసింది తప్పు" అని కాక "ఇది ఇలా ఎందుకు అయింది?" అని అడగడం నేర్చుకోవాలి. కొందరికి లెక్కకంటే అదే కష్టం.

రెండోది ఏఎంసీ 8. మ్యాథమెటికల్ అసోసియేషన్ ఆఫ్ అమెరికా నిర్వహిస్తుంది. 40 నిమిషాలు, 25 ప్రశ్నలు, ఐదు ఆప్షన్లు. ఇప్పుడు జనవరిలో జరుగుతోంది. ఎనిమిదో తరగతి లోపు, పద్నాలుగున్నర ఏళ్లలోపు పిల్లలు ఎవరైనా రాయొచ్చు. నాలుగో తరగతి పిల్లలు కూడా రాస్తున్నారు. రాయడానికి అర్హత ఉంది కదా అని రాయించి తీరాలని కాదు.

హైస్కూల్ మెట్లు

1950లో న్యూయార్క్ ప్రాంతంలో మొదలైన ఒక పరీక్ష పెరిగి పెద్దదై ఇవాళ ఏఎంసీగా మారింది. పదో తరగతి లోపు వారికి ఏఎంసీ 10, పన్నెండు లోపు వారికి ఏఎంసీ 12. రెండూ 75 నిమిషాలు, 25 ప్రశ్నలు. నవంబరులో ఏ, బీ అని రెండు తేదీలుంటాయి. పిల్లలు రెండు రోజులూ రాయొచ్చు, మంచి స్కోరు లెక్కలోకి వస్తుంది. పదిలో ఉన్న పిల్లవాడు ఒక రోజు ఏఎంసీ 10, ఇంకో రోజు ఏఎంసీ 12 కూడా రాయొచ్చు.

ఇక్కడ బాగా చేసినవారు ఎయిమ్‌కు వెళతారు. ఎయిమ్ అంటే ఢిల్లీ ఆసుపత్రి అనుకుని మా అత్తగారు కంగారుపడ్డారు లెండి. ఏఎంసీ 10లో సుమారు పైనున్న 2.5 శాతం, ఏఎంసీ 12లో 5 శాతం మందికి ఈ అవకాశం వస్తుంది. ఎయిమ్ మూడు గంటలు, 15 ప్రశ్నలు. ఆప్షన్లు లేవు. ప్రతి జవాబూ 0 నుంచి 999 లోపు పూర్ణసంఖ్యే. ఊహించి రాస్తే వెయ్యిలో ఒక వంతు అవకాశం. ఇందులో ఐదు ఆరు సరిగ్గా చేసిన పిల్లలు కూడా గర్వపడొచ్చు.

ఏఎంసీ, ఎయిమ్ స్కోర్లు కలిపి చూసి ఐదు వందల మందికి అటూ ఇటూగా ఒలింపియాడ్‌కు పిలుస్తారు. ఏఎంసీ 12 దారిలో వచ్చినవారికి యూఎస్‌ఏఎంఓ, ఏఎంసీ 10 దారిలో వచ్చినవారికి 2010 నుంచి జూనియర్ ఒలింపియాడ్. రెండు రోజులు, రోజుకు నాలుగున్నర గంటలు, రోజుకు మూడే లెక్కలు. అక్కడ జవాబు చాలదు, నిరూపణ రాయాలి. అందులో మెరిసిన కొద్దిమందికి వేసవిలో శిక్షణ శిబిరం ఉంటుంది. చివరికి ఆరుగురు అంతర్జాతీయ ఒలింపియాడ్, అంటే ఐఎంఓకు వెళతారు.

ఐఎంఓ 1959లో రొమేనియాలో మొదలైంది. అమెరికా 1974లో, భారత్ 1989లో మొదటిసారి పాల్గొన్నాయి. 1994లో హాంకాంగ్‌లో అమెరికా జట్టులో ఆరుగురికి ఆరుగురూ 42కు 42 తెచ్చుకున్నారు. ఆ తర్వాత మళ్లీ మొదటి స్థానం కోసం 2015 దాకా ఆగాల్సి వచ్చింది. 2024లో ఇంగ్లండ్‌లోని బాత్ నగరంలో అమెరికా మొదటి స్థానంలో, భారత్ నాలుగో స్థానంలో నిలిచాయి. అమెరికా అంతటి దేశమే ఇరవై ఒక్క ఏళ్లు ఆగింది. మన పిల్లలు ఒక ఏడాది ఆగితే ఏం?

నిరూపణ అంటే ఏమిటని చాలామంది తల్లిదండ్రులు అడుగుతారు. ఇది ఇవాళ రాత్రి భోజనాల దగ్గర పిల్లలకు ఇవ్వండి: మీకు నచ్చిన ఏ ఐదు పూర్ణసంఖ్యలు తీసుకున్నా, వాటిలో ఏవో మూడు ఉంటాయి, వాటి మొత్తం 3తో నిశ్శేషంగా భాగింపబడుతుంది. నిజమేనా?

పిల్లలు నాలుగైదు ఉదాహరణలు వేసి నిజమే అంటారు. కానీ సంఖ్యలు అనంతం, ఉదాహరణలతో తేలదు. ఇలా ఆలోచించాలి. 3తో భాగిస్తే శేషం 0, 1, 2లలో ఏదో ఒకటి. మన ఐదు సంఖ్యల్లో మూడు రకాల శేషాలూ ఉంటే, ఒక్కో రకం నుంచి ఒక్కోటి తీసుకుంటే శేషాల మొత్తం 0, 1, 2 కలిపి 3. సరిపోయింది. మూడు రకాలూ లేకపోతే, ఐదు సంఖ్యలు మహా అయితే రెండు రకాల్లోనే సర్దుకోవాలి. అప్పుడు ఒక రకంలో కనీసం మూడు ఉండక తప్పదు. ఒకే శేషం ఉన్న మూడు సంఖ్యలు కూడితే 3తో పోతుంది. ఇక తప్పించుకునే దారి లేదు. ఆ "ఇక తప్పించుకునే దారి లేదు" అనే నమ్మకం పిల్లవాడి ముఖంలో కనిపించినప్పుడు నాకు ఆ శనివారం వృథా పోలేదనిపిస్తుంది.

ఊహించి రాయాలా, వదిలేయాలా?

ఇది కూడా ఒక లెక్కే. ఏఎంసీ 8లో తప్పు రాస్తే మార్కు పోదు, వదిలేస్తే రాదు. కాబట్టి ఒక్కటి కూడా ఖాళీగా వదలకూడదు. ఏఎంసీ 10, 12 సంగతి వేరు. సరైన జవాబుకు 6, ఖాళీకి 1.5, తప్పుకు సున్నా. ఐదు ఆప్షన్లలో గుడ్డిగా ఒకటి పెడితే సగటున వచ్చేది 6లో ఐదో వంతు, అంటే 1.2. ఖాళీగా వదిలితేనే నయం. ఒక ఆప్షన్ కచ్చితంగా కాదని తెలిస్తే 6లో నాలుగో వంతు, అంటే 1.5, రెండూ సమానం. రెండు ఆప్షన్లు కొట్టేయగలిగితే 2 వస్తుంది, అప్పుడు ఊహించడం లాభం.

ఇంకో సంగతి. 25లో 14 సరిగ్గా చేసి మిగతా 11 వదిలేసిన పిల్లవాడికి 84, 16.5 కలిపి 100.5 వస్తుంది. అంటే దాదాపు సగం పేపరు ముట్టుకోకుండానే వంద దాటొచ్చు. మన ఇళ్లలో "పదకొండు వదిలేశావా?" అని అడుగుతాం. ఈ పరీక్షలో వదిలేయడం కూడా ఒక తెలివి. చివరి ఐదు ప్రశ్నలు ముట్టుకోకుండా మొదటి పదిహేను జాగ్రత్తగా చేయడం చాలామందికి సరైన దారి.

రిజిస్ట్రేషన్ దగ్గరే చాలామంది ఆగిపోతారు

ఏఎంసీకి పిల్లలు నేరుగా రిజిస్టర్ కాలేరు. పరీక్ష పెట్టే చోటు ఒకటి ఉండాలి. అది స్కూలు కావచ్చు, కాలేజీ కావచ్చు, ట్యూషన్ సెంటర్ కావచ్చు. మీ స్కూలు పెట్టకపోతే మూడు పనులు చేయండి. మొదట, లెక్కల టీచరుకు మర్యాదగా ఒక ఈమెయిల్ రాయండి. అడిగినవాళ్లు లేకే చాలా స్కూళ్లు పెట్టడం లేదు. రెండు, పక్క ఊరి హైస్కూలును, దగ్గర్లోని యూనివర్సిటీ గణిత శాఖను అడగండి, కొన్ని బయటి పిల్లలను రానిస్తాయి. మూడు, ఇదంతా ఆగస్టు, సెప్టెంబరులోనే చేయండి. నవంబరు పరీక్షకు అక్టోబరు చివర అడిగితే చోటు దొరకడం కష్టం. మ్యాథ్‌కౌంట్స్ కూడా స్కూలు ద్వారానే, కానీ స్కూలు పాల్గొనకపోతే పిల్లవాడు విడిగా నమోదు కావడానికి దారి ఉంది. గడువులు, ఫీజులు ఏటా మారతాయి కాబట్టి ఆయా సంస్థల వెబ్‌సైట్లలోనే చూసుకోండి, వాట్సాప్ ఫార్వర్డులు నమ్మకండి.

వీసా విషయం. కిందటేడు గుంటూరు నుంచి కొత్తగా వచ్చిన ఒకావిడ క్లబ్ అయిపోయాక అందరూ వెళ్లేదాకా ఆగి, గొంతు తగ్గించి అడిగింది, "అన్నయ్యా, మాది హెచ్4. గ్రీన్ కార్డుకు ఎన్నేళ్లు పడుతుందో తెలీదు. మావాడు ఇవన్నీ రాయొచ్చా? రాశాక కాదంటే వాడు తట్టుకోలేడు" అని. ఆ ప్రశ్న చాలా ఇళ్లలో ఉంది కానీ పైకి అడగరు. కాబట్టి స్పష్టంగా చెబుతున్నాను. మ్యాథ్ కాంగరూ, మ్యాథ్‌కౌంట్స్, ఏఎంసీ, ఎయిమ్, వీటిలో దేనికీ గ్రీన్ కార్డుతో పని లేదు. ఐఎంఓకు అమెరికా జట్టులో వెళ్లాలంటే మాత్రం పౌరసత్వం గానీ గ్రీన్ కార్డు గానీ ఉండాలి. అంత పైకి వెళ్లే పిల్లలు ఆ ఏడాది నిబంధనలు ముందే చదువుకోవాలి. లక్షల మంది రాసే పోటీలో ఆ తలుపు ఆరుగురి దగ్గరే ఉంది. దాని గురించి బెంగపడి మొదటి మెట్టు ఎక్కడం మానేయొద్దు. ఆవిడ కొడుకు ఇప్పుడు ప్రతి శనివారం అందరికంటే ముందు వచ్చి కుర్చీలు సర్దుతాడు.

ఎలా తయారవ్వాలి

ఖర్చు లేకుండా చాలా దూరం వెళ్లొచ్చు. ఏఎంసీ, ఎయిమ్ పాత పేపర్లు, వాటి సాధనలు ఆర్ట్ ఆఫ్ ప్రాబ్లమ్ సాల్వింగ్ వెబ్‌సైట్లో ఉచితంగా ఉన్నాయి. అదే సంస్థ ఆల్కమస్ అని ఒక ప్రాక్టీస్ సాధనం కూడా ఉచితంగా ఇస్తోంది. మ్యాథ్‌కౌంట్స్ కూడా పాత పేపర్లు తన సైట్లో పెడుతుంది. లైబ్రరీలో పుస్తకం లేకపోతే తెప్పించమని అడగొచ్చు.

పాఠాలు నాలుగు: బీజగణితం, జ్యామితి, సంఖ్యా శాస్త్రం, లెక్కింపు-సంభావ్యత. మొదటి రెండూ స్కూల్లో వస్తాయి. చివరి రెండూ స్కూల్లో పెద్దగా చెప్పరు, పోటీల్లో మాత్రం బాగా అడుగుతారు. సమయం తక్కువుంటే అక్కడ మొదలుపెట్టండి.

మా క్లబ్‌లో మూడు అలవాట్లు పెట్టాం. ఒకటి, లెక్క రాకపోతే కనీసం పదిహేను నిమిషాలు దానితోనే కూర్చోవాలి, ఆ తర్వాతే సాధన చూడాలి. రెండు, తప్పు పోయిన లెక్కలకు వేరే నోట్‌బుక్. అందులో జవాబు కాదు, ఎక్కడ దారి తప్పామో ఒక్క వాక్యం రాయాలి. మూడు, వచ్చిన లెక్కను పక్కవాడికి చెప్పాలి. చెప్పలేకపోతే ఇంకా రానట్టే. రోజుకు అరగంట చాలు. ఆదివారం ఆరు గంటలు కూర్చోబెడితే సోమవారానికి లెక్కలంటే విసుగు వస్తుంది.

ఇంట్లో ఉన్న అమ్మమ్మ, తాతయ్యల సాయం కూడా తీసుకోండి. వేసవికి వచ్చిన ఒక తాతగారు మా పిల్లలకు పదిహేనో ఎక్కం, ఇరవయ్యో ఎక్కం నోటికి నేర్పించి వెళ్లారు. క్యాలిక్యులేటర్ లేని పరీక్షలో అది చిన్న సాయం కాదు.

కోచింగ్, డబ్బు, నిజాయితీ

మంచి టీచర్లు ఉన్నారు, కోచింగ్ తప్పని నేను అనను. కానీ మూడో తరగతిలో మొదలుపెట్టకపోతే బండి వెళ్లిపోయినట్టే అని భయపెట్టి, ఏడాదికి వేల డాలర్లు ముందుగా కట్టించుకునే చోట్లు మా చుట్టుపక్కల చూశాను. నిజానికి ఏడో తరగతిలో మొదటిసారి పోటీ పేపరు చూసి, పదిలో ఎయిమ్ రాసిన పిల్లలు మా క్లబ్‌లోనే ఉన్నారు. చేర్పించే ముందు ఒక్కటి అడగండి: "మా పిల్ల ఒక లెక్క రాక ఇరవై నిమిషాలు కూర్చుంటే మీరేం చేస్తారు?" వెంటనే ఫార్ములా చెప్పేస్తామంటే వేరేచోటు చూసుకోండి.

ఇంకో మాట. పరీక్షకు ముందే పేపరు దొరుకుతుందని ఆన్‌లైన్‌లో ఎవరో ఒకరు అంటూనే ఉంటారు. దాని దగ్గరికి వెళ్లకండి. పట్టుబడితే స్కోరు రద్దవడం ఒక నష్టం. అసలు నష్టం వేరే ఉంది. ఆ రోజు నుంచి పిల్లవాడికి తన స్కోరు మీద తనకే నమ్మకం ఉండదు. అలాగే పరీక్ష రాసి వచ్చిన వెంటనే ప్రశ్నలు గ్రూపుల్లో పెట్టడం కూడా తప్పే. ఇంకా రాయాల్సినవాళ్లు ఉంటారు. నిర్వాహకులు చెప్పే సమయం దాకా ఆగాలి.

అమ్మాయిల గురించి

ఆరో తరగతిలో మా క్లబ్‌కు వచ్చేవారిలో సగం మంది అమ్మాయిలే. ఎనిమిదికి వచ్చేసరికి ముగ్గురో నలుగురో మిగులుతారు. కూచిపూడి, సంగీతం, తెలుగు బడి, అన్నీ శనివారమే. ఏదో ఒకటి మానాలంటే అమ్మాయిల విషయంలో లెక్కలు మానిపిస్తున్నాం, అబ్బాయిల విషయంలో ఇంకేదో మానిపిస్తున్నాం. ఇది నేను ఎవరినీ నిందించడానికి రాయడం లేదు, కళ్లతో చూసింది చెబుతున్నాను. ఇరాన్ అమ్మాయి మరియం మీర్జాఖానీ 1994, 1995 ఐఎంఓలలో బంగారు పతకాలు తెచ్చుకుంది, రెండోసారి 42కు 42. 2014లో గణితంలో అత్యున్నతమైన ఫీల్డ్స్ మెడల్ అందుకున్న మొదటి మహిళ ఆవిడే. అమ్మాయిల కోసమే యూరోపియన్ గర్ల్స్ ఒలింపియాడ్ 2012లో మొదలైంది, అమెరికా జట్టు కూడా అందులో పాల్గొంటోంది. మీ అమ్మాయి మానేస్తానంటే, మానేయాలని తనకే ఉందా, లేక గదిలో తను ఒక్కతే అమ్మాయి అయిందా అని ఒకసారి అడగండి.

కాలేజీకి పనికొస్తుందా?

అందరూ చివర అడిగే ప్రశ్న ఇదే. ఎంఐటీ తన దరఖాస్తులో ఏఎంసీ, ఎయిమ్ స్కోర్లు రాసే చోటు ఇస్తుంది. మంచి స్కోరు ఉంటే సాయపడుతుంది. కానీ అది ఒక్కటే ఎవరికీ సీటు ఇప్పించదు. కాలేజీ కోసమే అయితే ఆరేళ్ల కష్టానికి అది చాలా చిన్న ప్రతిఫలం.

మిగిలేది ఇంకోటి ఉంది. మా దగ్గరికి వచ్చే పిల్లల్లో ఎక్కువమంది స్కూల్లో ఎప్పుడూ తొంభై ఎనిమిది, తొంభై తొమ్మిది తెచ్చుకునేవాళ్లు. "నాకు రాదు" అనే మాట వాళ్లకు పరిచయం లేదు. మొదటిసారి ఏఎంసీ 10 రాసినప్పుడు సగం పేపరు రాదు. అప్పుడు ఇంట్లో మనం ఏమంటామో అదే వాళ్లకు గుర్తుండిపోతుంది. నాకు తెలిసిన ఒక అబ్బాయి, చాలా చురుకైనవాడు, ఎయిమ్ రెండు మార్కులతో తప్పిపోయింది. కారులో ఇంటికెళ్లేలోపు ఇంకొకరి అబ్బాయి స్కోరు ఎంతో వాళ్ల నాన్న చెప్పేశారు. ఆ తర్వాత ఆ పిల్లవాడు క్లబ్‌కు రాలేదు. లెక్కలు రాక కాదు. లెక్క అంటే ఇంకొకరితో కొలత అని అర్థమై మానేశాడు.

గణితంలో ఇవాళ పెద్ద పేరున్న టెరెన్స్ టావో పదేళ్ల వయసులో 1986 ఐఎంఓలో కాంస్యం, మరుసటి ఏడాది రజతం, ఆ పై ఏడాది బంగారం తెచ్చుకున్నాడు. ఆయనంతటివాడు కూడా మెట్టు మెట్టుగానే ఎక్కాడు.

ఇతర దేశాల్లో ఉన్నవారికి

బ్రిటన్‌లో యూకే మ్యాథమెటిక్స్ ట్రస్ట్ జూనియర్, ఇంటర్మీడియట్, సీనియర్ చాలెంజ్‌లు నిర్వహిస్తుంది. స్కూలు ద్వారా రాయాలి. బాగా చేసినవారికి కాంగరూ, ఒలింపియాడ్ రౌండ్లు ఉంటాయి. సీనియర్ చాలెంజ్‌లో తప్పుకు మార్కు కోత ఉంది, అక్కడ ఊహ పనికిరాదు. ఆస్ట్రేలియాలో 1978 నుంచి ఆస్ట్రేలియన్ మ్యాథమెటిక్స్ కాంపిటీషన్ ఉంది. ఇండియాలో మొదటి మెట్టు ఐఓక్యూఎం, పై మెట్లు ముంబైలోని హోమీ భాభా సెంటర్ చూస్తుంది. తిరిగి హైదరాబాదో, విజయవాడో వెళ్లిపోయే ఆలోచన ఉన్న కుటుంబాలు దాని గురించి తెలుసుకోవాలి. ఏఎంసీ పరీక్షలు అమెరికా బయట కూడా చాలా దేశాల్లో జరుగుతాయి.

చివరగా మీకు ఒక పని. మీ పిల్లల పరీక్ష అయిన రోజు సాయంత్రం "ఎన్ని వచ్చాయి?" అని కాకుండా, "ఏ లెక్క బాగుంది?" అని అడగండి. జవాబు మీకు పూర్తిగా అర్థం కాకపోయినా ఫర్వాలేదు, కాగితం మీద వేసి చూపించమనండి. మీ ఊళ్లో క్లబ్ లేకపోతే మీరే మొదలుపెట్టండి. లైబ్రరీలో గది ఉచితంగా ఇస్తారు. పాత పేపర్లు ఉచితం. ముగ్గురు పిల్లలు చాలు.